మూడు రోజుల పరగడుపు

అమ్మకు నీ పెద్దకూతురు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ కాగితాలు ఎందుకని అనుకుంటావు. ఫోనులో నీకు వినపడాలంటే స్పీకరు పెట్టాలి. స్పీకరు పెడితే తమ్ముడు వింటాడు, మరదలు వింటుంది, ఆ సమయానికి ఎవరైనా వస్తే వాళ్ళూ వింటారు. నేను చెప్పాల్సింది నీ ఒక్కదానికే. మూడు ఆదివారాలు ఆ మాట గొంతు దాకా తెచ్చుకుని, చివరికి "సరే అమ్మా, ఉంటాను" అని పెట్టేశాను. ఇక ఇలా లాభం లేదని ఇవాళ కలం పట్టుకున్నాను. స్కూలు వదిలాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

ఇక్కడ ఇద్దరం ఒకే కప్పు కింద ఉన్నాం, దేవుడి దయ వల్ల. అదే క్షేమం అనుకో. అక్కడ నీ మోకాళ్ళు, తమ్ముడి బీపీ, మరదలి నడుము అదుపులో ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయని రాశావు కానీ, నేను చదవలేని మాట ఒక్కటీ లేదు. "అల్లుడు" అని రాసి, కొట్టేసి, పైన "అల్లుడుగారు" అని దిద్దావు చూడు, అది ఆయనకు చూపించాను. నోటి ఎడమ పక్కతో నవ్వారు. ఇప్పుడు నవ్వు ఆ పక్కనుంచే వస్తోంది.

నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలు. నోరు చక్కబడిందా, అన్నం సరిగ్గా తింటున్నారా అని ఉత్తరంలో, నీ గొంతు అలా ఎందుకుంది అని నిన్న ఆదివారం ఫోనులో.

నోటి సంగతి ముందు చెబుతాను, అది తేలిక. కొంచెం కొంచెం వస్తోంది. "నీళ్ళు" అంటే నీళ్ళనే తెలుస్తోంది. "దుప్పటి" అనడానికి చాలాసేపు పడుతుంది. నా పేరు మాత్రం రావడం లేదు, "ఏయ్" అని పిలుస్తున్నారు. పెళ్ళైన కొత్తలోనూ అలాగే పిలిచేవారు, "నా కూతురికి పేరు పెట్టాను నాయనా" అని నువ్వు కోప్పడ్డాక మానేశారు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. కుడి చెయ్యి ఇంకా ఆయనది కాదన్నట్టే ఉంది. వ్యాయామం చేయించడానికి రోజు విడిచి రోజు ఒకాయన వస్తాడు, మంచివాడు. ఆ చేతిలో రబ్బరు బంతి పెట్టి, "సార్, ఇది మీ మేనేజరు మెడ అనుకోండి" అంటాడు. ఆ మాటకి మాత్రం వేళ్ళు కాస్త ముడుచుకుంటాయి.

రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చలిగోదాము దగ్గర మొదలుపెట్టాలి. ఓపికగా చదువు.

నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని రోడ్డు మీదనుంచి చూశావు, కిటికీలు లేని తెల్లటి పెద్ద డబ్బా అన్నావు. లోపల మూడు గదులు. మొదటి దాంట్లో కూరగాయలు, పండ్లు. రెండో దాంట్లో వెన్న. మూడో దాంట్లో చేపలు, బఠాణీ గింజలు, గడ్డకట్టించి పెట్టేవన్నీ. అక్కడ సున్నా కంటే ఇరవై డిగ్రీలు కిందకి చలి. ఈయన పన్నెండేళ్ళుగా ఆ మూడో గది మనిషి. ఏ పెట్టె ఎక్కడుందో, ఏది ముందు బయటికి వెళ్ళాలో ఆయనకే తెలుసు. దళసరి కోటు, చెవుల టోపీ వేసుకుని నడుస్తుంటే అక్కడ అందరూ ఎలుగుబంటి అంటారు. మేడ మీద నాలాంటి ఆడవాళ్ళం నలుగురం ఆ కోట్లకి జిప్పులు మారుస్తాం, చిరిగిన అస్తర్లు కుడతాం. ఎలుగుబంటి కోటు అన్నిటికంటే పెద్దది, దాని జిప్పు రెండు నెలలకోసారి పోతుంది. తక్కినవాళ్ళు దాన్ని నా బల్ల మీదకే విసిరేవాళ్ళు, "నీ మొగుడే వచ్చాడు, చూసుకో" అని.

మూడో గదిలో పనిచేసేవాళ్ళకి అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తారు. మన గొంతు దగ్గర థైరాయిడ్ అని చిన్న గ్రంథి ఉంటుందట. ఒంటిని వెచ్చగా ఉంచే పొయ్యి మంటని ఎక్కువ తక్కువలు చేసేది అదేనట. చలిలో గంటలు గంటలు ఉండేవాళ్ళకి దానికి పని ఎక్కువ. పోయిన ఏడాది ఈయన రిపోర్టులో అంకె కొంచెం తక్కువ వచ్చింది. కంపెనీ డాక్టరు పెద్దాయన, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. "చాలామందికి ఉండేదే, భయం లేదు" అని చిన్న మాత్ర రాసి, ఆరు వారాలకోసారి రక్తం ఇవ్వమన్నాడు. "పొద్దున్నే పరగడుపున రండి" అన్నాడు.

అమ్మా, పరగడుపున అంటే రాత్రి తిని పొద్దున తినకుండా రావడమని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట డాక్టరు నోట విన్నప్పుడు నాకు మందుల మాటలా వినపడలేదు, మొక్కులా వినపడింది. ఒక పూట ఖాళీ కడుపు మంచిదైతే మూడు రోజుల ఖాళీ కడుపు ఇంకెంత మంచిదో అనిపించింది. తమ్ముడికి చిన్నప్పుడు జ్వరం తగ్గనప్పుడు నువ్వు మూడు రోజులు ఒట్టి మంచినీళ్ళ మీద ఉన్నావు. నాలుగో రోజు వాడు లేచి కూర్చుని బిస్కెట్టు అడిగాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆ బిస్కెట్టు నా కళ్ళ ముందు ఇంకా ఉంది.

ఆయనతో చెప్పాను. "ఏమండీ, పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి ఏమీ తినొద్దు. నీళ్ళు తాగండి చాలు."

"డాక్టరు ఒక్క పూటే అన్నాడే."

"అది అందరికీ చెప్పేది. మనకి ఇది."

"నీ దేవుడికి నా కడుపు మీద ఇంత పగేమిటే? ఇన్నాళ్ళూ నీ కడుపుతోనే సరిపెట్టుకునేవాడుగా."

"నేనూ మీతో పాటు ఉంటాను."

"నువ్వుంటే మరీ కష్టం. ఇంట్లో వంట వాసన కూడా రాదు."

అలా అంటూనే ఒప్పుకున్నారు. నా పూజలని ఆయన వేళాకోళం చేస్తారు కానీ ఒక్కటీ కాదనలేదు, ముప్ఫై ఏళ్ళలో. మొక్కు సంగతి బయటికి చెబితే ఫలం పోతుందని, ఎవరికీ చెప్పొద్దన్నాను.

"డాక్టరుక్కూడానా?"

"డాక్టరుక్కూడా."

ఆ మూడు రోజులూ మంచినీళ్ళు తాగి ఆ మూడో గదిలోకి వెళ్ళారు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచేసరికి కడుపులో బాగాలేదని చెప్పి లేచిపోయేవారట. అక్కడ పెట్టెలు ఎత్తే బండి నడిపే అతను, "ఎలుగుబంటి చలికాలంలో తిండి మానేసి పడుకోవాలి గానీ డ్యూటీకి రాకూడదు గురువుగారూ" అని నవ్వేవాడు. అతనికేం తెలుసు.

రిపోర్టులో అంకె ఇంకా తగ్గింది. డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, "సరిగ్గా తింటున్నారా?" అని అడిగాడు. నేనే జవాబు చెప్పాను. "తింటున్నారండీ, బాగానే." ఆ క్షణాన అది అబద్ధమని నాకు తోచలేదు. ఆయన తినే రోజుల గురించి చెప్పాను, అంతే అనుకున్నాను. డాక్టరు మాత్ర పెంచాడు.

అంకె తగ్గితే నాకు అర్థమైందేమిటంటే, మా ఉపవాసం చాలలేదని. రెండోసారి నాలుగు రోజులు చేయించాను. మళ్ళీ తగ్గింది, మళ్ళీ మాత్ర పెంచారు. మూడోసారి ఐదు రోజులు. ప్రతిసారీ డాక్టరు అదే అడిగాడు, ప్రతిసారీ నేను అదే చెప్పాను. ఆయన నా పక్కనే కూర్చుని తల ఊపారు.

ఒళ్ళు చెప్పింది అమ్మా, నేను వినలేదు. చేతులు వణికేవి, చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని. అంత చలి మనిషికి ఇంట్లో చెమటలు పట్టేవి. ఒకరోజు గుండె మీద చెయ్యి వేసుకుని, "లోపల ఎవరో నీ కుట్టుమిషను తొక్కుతున్నారే, నువ్వే కదూ" అన్నారు. నేను నవ్వి, "ఇంకొక్క రెండు రోజులు ఓర్చుకోండి" అన్నాను. నాలుగో పరీక్ష ఆ శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం మూడో గదిలో పడిపోయారు.

బండి నడిపే అతనే చూశాడు. గింజల పెట్టెల వరసల మధ్య పక్కకి ఒరిగి ఉన్నారట, భుజం మీద తెల్లగా మంచు పట్టి. ఎంతసేపు అలా ఉన్నారో ఎవరికీ తెలియదు. అప్పుడు నేను సరిగ్గా ఆయన నెత్తి మీద, మేడ గదిలో, ఎవరిదో కోటుకి జిప్పు వేస్తున్నాను. కింద కేకలు వినపడ్డాక కూడా దారం కొరికి, ముడి వేసి లేచాను. అది తలుచుకుంటే నా పళ్ళంటే నాకే అసహ్యం వేస్తుంది.

గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టి, అది తలలోకి వెళ్ళిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఇంతవరకే నీకు ఫోనులో చెప్పాను. తర్వాతది ఎవరికీ చెప్పలేదు.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, నా వయసే ఉంటుంది. కంపెనీ నుంచి పాత కాగితాలన్నీ తెప్పించుకుంది. మూడో గదివాళ్ళకి వారం వారం బరువు తూస్తారు. ఆ కాగితం మీద వేలు పెట్టి, "పరీక్ష ఉన్న వారాల్లోనే ఈయన బరువు మూడు నాలుగు కిలోలు పడిపోతోంది. మళ్ళీ వస్తోంది. ఆ వారాల్లో ఏం జరుగుతోందమ్మా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. మామూలుగానే తిన్నారు."

ఆమె మంచం మీద ఆయన వైపు తిరిగింది. ఆయనకి అప్పటికి మాట వచ్చి రెండు రోజులే. వంకర నోటితో, చాలా కష్టం మీద, "తి... న్నా" అన్నారు. నా వైపు చూశారు. మొక్కు నిలబెట్టాను చూడు అన్నట్టు చూశారు.

మరో రెండు రోజులకి నేను ఒక్కదాన్నే ఆమె గదికి వెళ్ళి అంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చెప్పింది. మనిషి తినడం ఆపితే ఒళ్ళు తెలివిగా మంట తగ్గించుకుంటుందట, ఉన్నదాంతో ఎక్కువ రోజులు బతకాలని. అందుకే ఆ అంకె పడిపోయింది. అది రోగం కాదు, ఆకలి. తింటే రెండు మూడు రోజుల్లో అదే సర్దుకునేది. ఇంకోపక్క చలి, మంట పెంచు పెంచు అని ఒంటిని అడుగుతోంది. ఒంటికి ఎవరి మాట వినాలో తెలియలేదు. ఆకలిని రోగమనుకుని మాత్ర పెంచుతూ పోయేసరికి గుండె పరుగెత్తింది.

"అయితే నా వల్లేనా అమ్మా?" అని అడిగాను.

"అది నేను చెప్పలేను. మాత్ర ఎంత, చలి ఎంత, వయసు ఎంత, ఆయన గుండెలో ముందే ఉన్న లోపం ఎంత, ఎవరూ విడదీసి చెప్పలేరు. మీకు చెప్పగలిగితే చెప్పేదాన్ని."

నా వల్లే అంటే ఏడ్చేదాన్ని. కాదంటే దేవుడి ముందు దీపం పెట్టుకునేదాన్ని. ఆమె రెండూ అనలేదు. అప్పటినుంచి ప్రార్థనకి కూర్చుంటే ఏం అడగాలో తెలియడం లేదు. క్షమించమని అడగాలంటే చేసింది ఎంతో తెలియాలి కదా.

ఇది చదివి నువ్వు నీ మూడు రోజుల ఉపవాసాన్ని తలుచుకుని బాధపడతావని నాకు తెలుసు. వద్దు. నీదీ నాదీ ఒకటి కాదు. నువ్వు నీ కడుపు మాడ్చుకున్నావు. నేను ఆయన కడుపు మాడ్చాను.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. అన్నం సరిగ్గా తింటున్నారా అని.

ఈ గురువారం ఇంటికి నర్సు వచ్చి రక్తం తీస్తుందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నేను ఆ మాట ఆయన వినేలా పైకి అన్నాను, తెలివితక్కువదాన్ని. శనివారం పొద్దున గంజి చెంచా నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేశారు. మంచం ఎదురుగా రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది. ఎడమ చేత్తో దాన్ని చూపించి, తర్వాత దేవుడి పటం వైపు చూపించి, "మొక్కు" అన్నారు. ఆ మాట ఎంత స్పష్టంగా వచ్చిందో తెలుసా. దుప్పటి రాని నోట్లోంచి.

"ఈసారి తినాలటండీ, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. వేలు అడ్డంగా ఊపారు, నన్ను పరీక్షిస్తున్నావా అన్నట్టు. బతిమాలాను. తిట్టాను కూడా. పాలు, పండు, రొట్టె, అన్నీ తెచ్చాను. ఆదివారం కూడా అంతే. నువ్వు స్పీకరులో "అల్లుడుగారూ, భోజనం అయిందా" అని అడిగినప్పుడు ఆయన నా వైపు కన్ను కొట్టి "అ... యింది" అన్నారు. నా గొంతు అలా ఎందుకుందో మూడో ప్రశ్నకి అదే జవాబు.

ఆ ఉపవాసం వల్లే ఇలా అయి ఉండొచ్చు అని చెబితే తింటారు, నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను కూడా. "మనం చేసిన ఆ ఉపవాసాలు ఉన్నాయి చూడండి" అన్నాను. ఆయన మొహం వెలిగింది. చెయ్యి లేవదు, కాలు కదలదు, ఏ పనీ చేసుకోలేరు. నా కోసం ఆయన చెయ్యగలుగుతున్న పని అదొక్కటే మిగిలింది. అది కూడా లాక్కోవడానికి నాకు నోరు రాలేదు.

ఇవాళ పొద్దున డాక్టరమ్మకి ఫోను చేశాను. "ఈ మందులు ఖాళీ కడుపు మీద ఇవ్వడానికి లేదు. ఇవాళ కూడా తినకపోతే రేపు తీసుకురండి, ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. ఈలోగా ఏదో ఒకటి చెప్పి తినిపించండి" అంది.

ఏదో ఒకటి. సరే అనుకున్నాను. ఆయన కునుకు తీస్తుండగా క్యాలెండరులో సోమ, మంగళ, బుధ, గురువారాల కాగితాలు నాలుగూ చింపేశాను. చింపినవి చీర కొంగులో ముడి వేసుకున్నాను. తర్వాత ఆయన కుడి మోచేతి మడతలో కొంచెం దూది పెట్టి పట్టీ అంటించాను. ఆ చేతికి స్పర్శ లేదు, అందుకని ఆ చేతికే. అంటిస్తుంటే నా వేళ్ళకి పట్టీ రెండుసార్లు అతుక్కుపోయింది.

లేచాక చెప్పాను. "కొత్త మందుకి మీరు నాలుగు రోజులుగా మత్తులోనే ఉన్నారు. నిన్న నిద్రలో ఉండగానే నర్సు వచ్చి రక్తం తీసుకెళ్ళింది. ఇక తినొచ్చు."

క్యాలెండరు చూశారు. శుక్రవారం. చేతి మీది దూది చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నోరు తెరిచారు. ఏడు చెంచాల గంజి తాగారు అమ్మా.

మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "రి... పోర్టు?" అన్నారు.

దీన్ని నేను ముందు ఆలోచించుకోలేదు. "బాగుంది. అంకె పెరిగింది" అన్నాను.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎడమ చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టి, "నీ ఉపవాసం" అన్నారు. పడిపోయాక రెండు మాటలు కలిపి అనడం ఇదే మొదటిసారి. రెండు మాటలు కలిసిన రోజు చెప్పండమ్మా, పండగ చేసుకుందాం అని ఆ వ్యాయామం చేయించే అతను నాతో అని ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, గిన్నెలు లేకపోయినా కడుగుతున్నట్టు నిలబడ్డాను.

ఇప్పుడు నిద్రపోతున్నారు. ఇంకా పొద్దు ఉండగానే ఇది ముగించి పోస్టు డబ్బాలో వెయ్యాలి.

నిన్ను అడిగేవి కొన్ని ఉన్నాయి. ఉత్తరం చివర నువ్వు అల్లుడుగారి కోసం మళ్ళీ మూడు రోజులు ఉపవాసం ఉంటానని రాశావు. ఉండొద్దు. మొదలుపెట్టి ఉంటే ఈ కాగితం పక్కన పెట్టి ముందు అన్నం తిను. ఈ వయసులో నీ ఒంట్లో మంట తగ్గడం నాకు వద్దు. ఆదివారం ఫోను చేసినప్పుడు ఇవాళ ఏ వారమో అనకు. మా ఇంట్లో ప్రస్తుతం వేరే వారం నడుస్తోంది. రోజూ కాగితం చింపకుండా ఆగి ఎలాగో మళ్ళీ అందరి రోజులతో కలుపుకుంటాను, ఆయన గమనించకపోతే. గురువారం నర్సు నిజంగా వస్తుంది. ముందే కడుపు నిండా పెట్టి, సరిచూడడానికి రెండోసారి తీస్తున్నారని చెబుతాను. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇంతకు ముందు ఒక అబద్ధం చెప్పేదాన్ని, అది దేవుడి కోసమని నమ్మాను. ఇప్పుడు చెబుతున్నవి ఎవరి కోసమో కూడా అడగడం మానేశాను. ఏడు చెంచాలు లోపలికి వెళ్ళాయి, అంతవరకే చూస్తున్నాను.

ఈ కాగితాలు చింపెయ్యకు, నీ పెట్టెలో బట్టల అడుగున ఉంచు. ఆయనకి మాటలన్నీ తిరిగి వచ్చాక ఏదో ఒకరోజు నన్ను అడుగుతారు. ఆ రోజు నాకు నోరు రాకపోతే ఇవే ఇవ్వాలి, నా చేతి రాత ఆయన గుర్తుపడతారు. అప్పటిదాకా తమ్ముడు అడిగినా, మరదలు అడిగినా, ఎవరికీ చూపించకు.

ఇట్లు,
నీ పాదాలకు మొక్కుతూ,
నీ పెద్దకూతురు